నాలుగు తీగల కంప్యూటర్ ఫ్యాన్ వేగం తగ్గించాలంటే 12 వోల్టుల సరఫరాను తగ్గించాలా?

అక్కర్లేదు, 12 వోల్టులు పూర్తిగా అందిస్తూనే, నాలుగో తీగపై సుమారు 25 కిలోహెర్ట్జ్ పీడబ్ల్యూఎం సంకేతం (వేగంగా ఆన్, ఆఫ్ అవుతూ, ఆన్‌లో ఉండే సమయాన్ని మార్చగలిగే పల్సులు) ఇస్తే ఫ్యాన్ వేగం అదుపులోకి వస్తుంది. మోటారు కరెంటును నియంత్రించే సర్క్యూట్ ఫ్యాన్‌లోనే ఉండి, పల్స్ ఎంతసేపు హైలో (అంటే ఆన్‌లో) ఉందన్న దాన్ని బట్టి వేగాన్ని నిర్ణయిస్తుంది కాబట్టి, ఇంట్లో తయారుచేసుకునే కంట్రోలర్‌కు పెద్ద ట్రాన్సిస్టర్ గానీ హీట్‌సింక్ గానీ అవసరం రాదు. ఆ నాలుగో తీగను ఫ్యాన్ తనంతట తానే హైలో ఉంచుతుంది. ఓ చిన్న ట్రాన్సిస్టర్‌తో దాన్ని గ్రౌండ్‌కు లాగి వదులుతుంటే చాలు. ఉదాహరణకు, ప్రతి 40 మైక్రోసెకన్లలో తీగ 20 మైక్రోసెకన్లు హైలో ఉంటే అది 50 శాతం సంకేతం. వేగం మాత్రం కచ్చితంగా సగమే కానక్కర్లేదు, అది ఫ్యాన్ తయారీని బట్టి ఉంటుంది. నాలుగో తీగను కలపకుండా వదిలేస్తే ఫ్యాన్ ఆగిపోతుందని చాలామంది పొరబడతారు గానీ, నిజానికి అప్పుడది పూర్తి వేగంతో తిరుగుతుంది.