నలకంత విత్తనం: కిటికీ దగ్గర పూల నారు

చలిదేశానికి కొత్తగా వచ్చినవాళ్లు మొదటి చలికాలం ఎలాగో గడిపేసి, మంచు కరిగే రోజులు దగ్గర పడగానే పూల విత్తనాలు కొంటారు. ఆ వెంటనే నాకు ఫోన్ వస్తుంది. “పెటూనియా ప్యాకెట్ తెరిచాను. మూలన కాస్త నలక తప్ప లోపల ఏమీ లేదు. మోసపోయానా?” అని.

మోసం లేదండీ, ఆ నలకే విత్తనాలు. పెటూనియా గింజలు గ్రాముకు దాదాపు 10,000 ఉంటాయి. బిగోనియా అయితే 70,000 పైనే. ప్యాకెట్ తెరిచే ముందు ఫ్యాన్, హీటర్ గాలి రెండూ ఆపండి. తుమ్ము వచ్చేలా ఉంటే పక్కకు వెళ్లి తుమ్మి రండి.

వీటిని మామూలు విత్తనాల్లా చూడటం దగ్గరే మనం దెబ్బతింటాం. చిక్కుడు గింజ తన తిండి మూట తనే కట్టుకుని వస్తుంది. రెండంగుళాల లోతున పాతినా ఆ బలంతో పైకి తోసుకొస్తుంది. బిగోనియా గింజకు ఆ మూట లేదు. మొలకెత్తిన గంట నుంచే ఆకు విప్పి వెలుతురుతో బతకాలి. పైగా పెటూనియా, బిగోనియా, స్నాప్‌డ్రాగన్, లొబీలియా విత్తనాలకు వెలుతురు తగిలితేనే మొలక బాగా వస్తుంది. అందుకే వీటి మీద మట్టి కప్పకూడదు.

ఇది తెలియక నేను మొదటి ఏడాది బిగోనియా చల్లి, పైన అర అంగుళం మట్టి కప్పాను. నెలంతా పొద్దున్నే వెళ్లి చూసేదాన్ని. ఒక్కటీ రాలేదు. రెండో ఏడాది కప్పలేదు కానీ, గ్లాసుతో నీళ్లు పోశాను. గింజలన్నీ ట్రేలో ఒక మూలకు కొట్టుకుపోయి, అక్కడే నాచు పట్టినట్టు గుంపుగా మొలిచాయి. ఒక్కదాన్నీ విడదీయలేకపోయాను. ఆ బాధ మీకు వద్దనే ఇంత వివరంగా రాస్తున్నాను.

విత్తనాలు చల్లకముందే మట్టి తడవాలి. మొత్తం పనిలో ముఖ్యమైన మాట ఇదే. పెరట్లో మట్టి వాడకండి, అందులో తెగుళ్లుంటాయి, పైగా గట్టిపడుతుంది. నారు పోయడానికని అమ్మే తేలికపాటి మిశ్రమం తీసుకుని, పై పొరకు వేసేదాన్ని మాత్రం జల్లెడ పట్టండి. పెద్ద పీచు ముక్క పక్కన పడ్డ గింజ దాని నీడలోనే ఉండిపోతుంది. అడుగున చిల్లులున్న ట్రేలో మిశ్రమం నింపి, అరచేత్తో మెల్లగా చదును చేసి, నీళ్లున్న పళ్లెంలో పెట్టండి. అడుగు నుంచి తడి ఎక్కి, పైభాగం నల్లబడ్డాక తీసి నీళ్లు ఓడనివ్వండి.

ఇక చల్లడం. తెల్ల కాగితాన్ని మధ్యకు మడిచి, ఆ మడతలో విత్తనాలు పోయండి. బాగా ఎండిన సన్నటి ఇసుక ఒక చెంచా కలిపితే ఎక్కడ పడ్డాయో కంటికి తెలుస్తుంది, గుంపులు పడవు. కాగితాన్ని ట్రే మీద కాస్త వంచి, వేలితో అంచును తడుతూ ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా తిప్పండి. ప్యాకెట్ మొత్తం ఖాళీ చేయాలని ఆరాటపడకండి. సగం దాచుకుంటే, ఈసారి పోయినా మళ్లీ వేసుకోవచ్చు. తర్వాత చిన్న చెక్కముక్కతో పైపైన అదిమితే చాలు, గింజ తడిమట్టికి అంటుకుంటుంది. కొన్ని విత్తనాలు పూత వేసిన చిన్న గుళికల్లా వస్తాయి. కొత్తవాళ్లకు అవే నయం, ఒక్కొక్కటిగా పెట్టుకోవచ్చు. కాకపోతే ఆ పూత తడిసి విడిపోయేదాకా తేమ తగ్గకూడదు.

చలిదేశంలో హీటర్ వేసిన ఇంట్లో గాలి ఎంత పొడిగా ఉంటుందో మీ పెదవులే చెబుతాయి. మట్టి పైపొర ఆ గాలికి ఒక్క పూటలో ఎండిపోతుంది. మొలక వచ్చే వేళ ఒకసారి ఎండిందంటే ఇక అంతే. అందుకే ట్రే మీద పారదర్శకమైన మూత గానీ ప్లాస్టిక్ కవర్ గానీ ఉండాలి. మూత ఉన్న ట్రేని నేరుగా ఎండలో పెట్టకండి, లోపల ఉడికిపోతాయి. పెటూనియా, బిగోనియాలకు 22 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం కావాలి. రాత్రిళ్లు కిటికీ గట్టు చల్లబడిపోతుంది కాబట్టి ట్రేని లోపలికి జరపండి. స్నాప్‌డ్రాగన్‌కు 18-20 సరిపోతుంది. పెటూనియా వారం పది రోజుల్లో కనిపిస్తుంది, బిగోనియాకు రెండు మూడు వారాలు పట్టవచ్చు. టెన్షన్ పడి మట్టి కెలకకండి.

మొలకలు పచ్చటి చుక్కల్లా కనిపించగానే మూతను రోజూ కొంచెం కొంచెంగా తెరుస్తూ, నాలుగైదు రోజుల్లో తీసేయండి. ఇక్కడే నారుకుళ్లు తెగులు పొంచి ఉంటుంది. రాత్రి బాగున్న మొలక పొద్దున్నకి మొదలు దగ్గర నీరుపట్టి, దారంలా సన్నబడి పడిపోతుంది. ఆ మచ్చ పక్కవాటికీ పాకుతుంది. మందుల కోసం వెతకడం కన్నా నీళ్లు అడుగు నుంచే పెట్టడం, గాలి ఆడనివ్వడం, ఒత్తుగా చల్లకపోవడం మేలు. పడిపోయిన చోట మట్టితో సహా చెంచాతో తీసి పారేయండి.

చలికాలపు కిటికీ వెలుతురు చాలదు. మొలకలు కాడ సాగి ఒక పక్కకు వాలుతున్నాయంటే అదే కారణం. మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబ్‌ను మొక్కలకు నాలుగంగుళాల ఎత్తులో వేలాడదీసి, రోజుకు 14 నుంచి 16 గంటలు వెలగనిస్తే చాలు. ఖరీదైన ఊదారంగు దీపాలు అవసరం లేదు.

మొలకతో పాటు వచ్చే తొలి రెండు ఆకుల తర్వాత, ఒక జత అసలు ఆకులు వచ్చాక విడదీసి చిన్న కుండీల్లోకి మార్చాలి. పుల్లతో వేళ్ల కింద నుంచి లేపి, ఆకు పట్టుకుని తీయండి. కాడను మాత్రం ముట్టుకోకండి. ఆకు పోతే ఇంకోటి వస్తుంది, కాడ నలిగితే మొక్కే పోతుంది. ఎరువు ప్యాకెట్ మీద చెప్పిన దానిలో నాలుగో వంతు చాలు.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే, మీ ప్రాంతంలో మొక్కలను మాడ్చే మంచు (ఫ్రాస్ట్) ఆఖరిసారి పడే తేదీ కనుక్కుని వెనక్కి లెక్కపెట్టండి. పెటూనియాకు 8 నుంచి 10 వారాలు, బిగోనియాకు 12 వారాల పైన. అందరూ ఆలస్యం చేసేది బిగోనియా దగ్గరే.

ఇంకో మాట. స్వదేశం నుంచి విత్తనాలు సూట్‌కేసులో పెట్టుకు రావాలనుకుంటారు. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా చాలా దేశాలు వాటిని రానివ్వవు. మీరుండే దేశం నియమాలు ముందే చూసుకోండి, తెస్తే దిగగానే అధికారులకు చెప్పండి.

చివరగా బయటపెట్టడం. ఇంట్లో పెరిగిన మొక్కకు గాలీ ఎండా తెలియవు. మొదటి రోజు నీడలో ఒక గంట, మర్నాడు రెండు గంటలు, ఇలా వారం పది రోజులు అలవాటు చేయండి. మంచు పడుతుందన్న రాత్రి మాత్రం ఎంత నిద్రొచ్చినా లేచి లోపలికి తెచ్చేయండి.