డూమ్స్‌డే ఫస్ట్ డే చూడాలా, ఓటీటీ దాకా ఆగాలా: 6000 సినిమా ఖర్చు మీద నా జవాబు

బెంగుళూరు నుంచి ఒకాయన రాశారు. క్లుప్తంగా ఆయన ప్రశ్న ఇది:

"మాది విజయవాడ, ఉద్యోగం బెంగుళూరులో, మారతహళ్ళి దగ్గర ఉంటాం. చేతికి నెలకి 92 వేలు వస్తుంది, హోమ్ లోన్ ఈఎంఐ 31 వేలు, ఇద్దరు పిల్లల స్కూల్ ఫీజులు. అమ్మాయికి 13, బాబుకి 8. డిసెంబర్లో వచ్చే హాలీవుడ్ సూపర్‌హీరో సినిమా అవెంజర్స్ డూమ్స్‌డే ఫస్ట్ డే ఐమాక్స్‌లో (మామూలు కన్నా బాగా పెద్ద తెర) నలుగురం చూడాలని నాకూ మా అమ్మాయికీ చాలా ఆశ. టికెట్లు, పాప్‌కార్న్, క్యాబ్ అన్నీ కలిపి 6000 దాకా అవుతుంది. మా ఆవిడేమో ఓటీటీలో వచ్చాక చూద్దాం, మన దగ్గర ఎమర్జెన్సీ ఫండ్ (అవసరానికి దాచే డబ్బు) ఒక నెలకి కూడా సరిపోదు అంటోంది. ఒక టికెట్ కొంటే ఇంకోటి ఫ్రీ ఇచ్చే క్రెడిట్ కార్డ్ తీసుకోమని ఫ్రెండ్ చెప్తున్నాడు, ఏడాదికి 999 ఫీజు. ఏం చెయ్యమంటారు?"

ముందు ఒక మాట చెప్పేస్తానండి, సినిమా మానెయ్యమని నేను చెప్పను. పదమూడేళ్ళ పిల్లకి నాన్నతో కలిసి చూడాలనిపించే సినిమా ఒకటుంది అంటే దానికి డబ్బు పెట్టడం తప్పు కాదు, ఇంకో రెండు మూడేళ్ళు పోతే ఆ పిల్ల ఫ్రెండ్స్‌తోనే వెళ్తానంటుంది. కానీ ఆ 6000 లో దేనికి ఎంత పోతోందో మీరు విడదీసి చూడలేదు, నలుగురు, ఐమాక్స్, ఫస్ట్ డే, పాప్‌కార్న్ అన్నీ కలిపి ఒకే మూటగా కట్టేశారు, మీ ఆవిడ మొత్తం మూటనే వద్దన్నారు, అక్కడే గొడవ మొదలైంది.

ఇలాంటి పెద్ద సినిమా విషయంలో మనం కొనేవి మూడు వేరే వేరే వస్తువులు. ఒకటి, ఎవరూ కథ చెప్పెయ్యక ముందే, ఈలలు వేసే జనం మధ్యలో కూర్చుని చూడటం, ఇది మొదటి రెండు మూడు రోజుల్లోనే దొరుకుతుంది. రెండోది పెద్ద తెర, మంచి సౌండ్, ఇది రెండో వారంలో కూడా అదే థియేటర్లో అలాగే ఉంటుంది, రేటు మాత్రం చాలాసార్లు తగ్గుతుంది. మూడోది కథ, అది ఇంట్లో సోఫాలో కూర్చున్నా తెలుస్తుంది. మీ ఇంట్లో ఎవరికి ఏది కావాలో చూడండి. మీకూ అమ్మాయికీ మొదటిది కావాలి, సోమవారం స్కూల్లో ఎవరో ఒకరు క్లైమాక్స్ చెప్పేస్తారని ఆ పిల్ల భయం, అది నిజమైన భయమే. బాబుకి ఎనిమిదేళ్ళు, వాడికి పెద్ద తెర మీద ఫైట్లు చాలు, ఏ రోజైనా ఒకటే. మీ ఆవిడకి ఓటీటీ అయినా పర్లేదు. మరి నలుగురికీ కలిపి ఫస్ట్ డే రేటు ఎందుకు కట్టాలి?

ఐమాక్స్ గురించి ఒక విషయం చూసుకోండి. డూమ్స్‌డే డిసెంబర్ 18, 2026, శుక్రవారం అని ప్రకటించారు. డ్యూన్ అనే ఇంకో హాలీవుడ్ సినిమా మూడో భాగానికి కూడా అదే తేదీ పెట్టారు, దాన్ని ఐమాక్స్ కెమెరాలతో కూడా తీస్తున్నారు, మొదటి మూడు వారాలు ఐమాక్స్ స్క్రీన్లు దానికే అని వార్తలు కూడా వచ్చాయి. మన దగ్గర స్క్రీన్లు ఎలా పంచుతారో బుకింగ్ ఓపెన్ అయ్యాకే తెలుస్తుంది కానీ, మీరు మాత్రం ఐమాక్స్ ఖాయం అనుకుని బడ్జెట్ వెయ్యొద్దు. ఆ రోజు ఐమాక్స్ కనపడకపోతే టెన్షన్లో ఇంకేదో ప్రీమియం స్క్రీన్, రిక్లైనర్ (వెనక్కి వాలే సీటు) అని ఎక్కువ పెట్టేస్తాం, అలా చేసేవాళ్ళని నేను చాలామందిని చూస్తుంటా. మంచి ప్రొజెక్షన్ ఉన్న మామూలు పెద్ద స్క్రీన్ చాలండి, మధ్యలో, తెరకి మరీ దగ్గర కాకుండా సీట్లు దొరికితే అంతకన్నా ఏం కావాలి.

ఇప్పుడు బెంగుళూరు రేట్ల సంగతి. 2025 సెప్టెంబర్లో కర్ణాటక ప్రభుత్వం టికెట్ 200 దాటకూడదని రూల్ తెచ్చింది, పన్ను అదనం, అదే నెలలో హైకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. అందుకే అక్కడ పెద్ద సినిమా మొదటి వీకెండ్ అంటే డిమాండ్‌ని బట్టి రేటు పెరుగుతూ పోతుంది, పొద్దున్న షోకీ సాయంత్రం షోకీ మధ్యే బోలెడు తేడా ఉంటుంది. అదే మీ సొంతూరు విజయవాడలో చూడండి, 2022 మార్చిలో వచ్చిన జీవో ప్రకారం కార్పొరేషన్ ఏరియాల్లో మల్టీప్లెక్స్ మామూలు సీటు 150, రిక్లైనర్ 250, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 177, 295. పెద్ద తెలుగు సినిమాలకి ప్రభుత్వం స్పెషల్ పర్మిషన్ ఇచ్చి పెంచుతుంది గానీ, ఆ పర్మిషన్ లేని సినిమాకి ఆ రేటే. (రేట్ల మీద కొత్త జీవోలు వస్తూనే ఉంటాయి కాబట్టి బుక్ చేసే రోజు ఒకసారి యాప్‌లో చూసుకోండి.)

క్రిస్మస్ సెలవులకి పిల్లలతో విజయవాడ వెళ్తారు కదా? ఎక్కువమంది వెళ్తారు, మీరూ వెళ్తారనే అనుకుంటున్నా. డిసెంబర్ 25 శుక్రవారం పడింది, అంటే సినిమా వచ్చిన సరిగ్గా వారానికి మీరు ఊళ్ళో ఉంటారు. అప్పుడు నలుగురూ, కుదిరితే మీ అన్నయ్య పిల్లలు, చెల్లెలి పిల్లలు కూడా కలిసి తెలుగు వెర్షన్‌కి వెళ్ళండి. ఈ సినిమాలకి తెలుగు డబ్బింగ్ ఏదో నామమాత్రంగా చేసేది కాదు, 2019లో వచ్చిన అవెంజర్స్ ఎండ్‌గేమ్‌లో విలన్ థానోస్‌కి రానా గొంతు ఇచ్చాడు, ఇంగ్లీష్ అర్థం కాని చిన్నోడికీ, వెంట వచ్చే పెద్దవాళ్ళకీ తెలుగే హాయి.

కాబట్టి నేనైతే ఇలా చెప్తా. మీరూ అమ్మాయీ ఇద్దరే డిసెంబర్ 19 శనివారం పొద్దున్న షోకి బెంగుళూరులో వెళ్ళండి, మామూలు స్క్రీన్. టికెట్ 400 అనుకుందాం, రెండూ 800, యాప్ వాళ్ళ ఫీజు ఓ 80, లోపల ఒక పాప్‌కార్న్ 400 వేసుకున్నా, బండి మీద వెళ్ళి పార్కింగ్ 80, మొత్తం 1360. తర్వాత విజయవాడలో నలుగురికీ 177 చొప్పున 708, ఫీజుతో కలిపి 850 దగ్గర, స్నాక్స్ 600, అంటే 1450. రెండూ కలిపినా 2810 అయింది, చిల్లర ఖర్చులు వేసుకుని 3000 పెట్టుకోండి. మీరు మొదట అనుకున్న 6000 లో సగం, అందులోనే అమ్మాయి రెండుసార్లు చూస్తుంది, మొదటి వీకెండ్ జనం మధ్యలో ఒకసారి, ఫ్యామిలీతో ఒకసారి. మీ ఆవిడకి ఆ సినిమా అసలు ఇష్టమే లేకపోతే ఆవిడని బలవంతం చెయ్యకండి, ఆవిడ టికెట్ డబ్బు ఆవిడకి నచ్చినదానికి ఇవ్వండి, అది కూడా సరదా ఖర్చే కదా.

శుక్రవారం రాత్రి షో ఎందుకు వద్దంటున్నానంటే, ఈ సినిమాలు చాలా పొడుగ్గా ఉంటాయి, ఎండ్‌గేమే 181 నిమిషాలు. దానికి ఇంటర్వెల్, యాడ్స్ కలుపుకుంటే మూడున్నర గంటల దాకా. రాత్రి పదింటి షోకి ఎనిమిదేళ్ళ పిల్లాడిని తీసుకెళ్తే సగంలో నిద్రపోతాడు, వాడి టికెట్ డబ్బూ పోతుంది, వాడిని ఎత్తుకుని మీరూ సరిగ్గా చూడలేరు, అర్ధరాత్రి దాటాక క్యాబ్ రేటు సంగతి చెప్పక్కర్లేదు. సెన్సార్ వాళ్ళు ఇప్పుడు యూఏలోనే (పిల్లలు పెద్దవాళ్ళ తోడుతో చూడొచ్చనే సర్టిఫికెట్) 7, 13, 16 అని వయసులు వేరుగా ఇస్తున్నారు, సర్టిఫికెట్ వచ్చాక అది కూడా చూసి బాబు సంగతి తేల్చుకోండి.

బుక్ చేసేటప్పుడు ఫోన్ స్క్రీన్ మీద ఏం జరుగుతుందో కొంచెం నెమ్మదిగా చూడండి, ఎందుకంటే మీ 6000 లో మంచి వాటా అక్కడే పుట్టింది. సీటు సెలెక్ట్ చెయ్యగానే పాప్‌కార్న్, కోక్ కాంబో పేజీ వస్తుంది, కింద స్కిప్ అని చిన్నగా ఉంటుంది, అది నొక్కండి. తర్వాత బిల్లులో కన్వీనియన్స్ ఫీజు, దాని మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ, కొన్నిచోట్ల డొనేషన్ ముందే టిక్ పెట్టి ఉంటుంది, త్రీడీ అయితే కళ్ళద్దాల చార్జీ. దగ్గర్లోనే థియేటర్ ఉంటే, అటు పని మీద వెళ్ళినప్పుడు కౌంటర్లో కొంటే ఆ ఫీజు ఉండదు, మొదటి వీకెండ్‌కి రిస్కు గానీ విజయవాడ షోకి బాగా పనికొస్తుంది. ఇంకోటి, థియేటర్లో తిండి మీద జీఎస్టీ 5 శాతమే, 2023లోనే జీఎస్టీ కౌన్సిల్ తేల్చేసింది, కానీ టికెట్‌తో కలిపి ప్యాకేజీలా అమ్మితే టికెట్‌కి ఉన్న పన్నే మొత్తానికి పడుతుంది, కాబట్టి తినాలనిపిస్తే లోపలికి వెళ్ళాక విడిగా కొనుక్కోండి. నీళ్ళ సీసా కొనకండి, బయటి తిండి ఆపే హక్కు థియేటర్లకి ఉందని 2023 జనవరిలో చెప్పిన సుప్రీం కోర్టే, తాగే నీళ్ళు మాత్రం ఫ్రీగా పెట్టాల్సిందే అని కూడా చెప్పింది, అడగడానికి మొహమాటపడొద్దు. టిఫిన్ చేసి వెళ్తే పొద్దున్న షోకి ఒక పాప్‌కార్న్ ఇద్దరికి చాలు.

ఇక మీ ఆవిడ అన్న ఓటీటీ మాట. ఇదే మార్వెల్ కంపెనీ సినిమాలు చూడండి, డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్ 2024 జులై 26న థియేటర్లకొచ్చి నవంబర్ 12న హాట్‌స్టార్‌లో వచ్చింది, ఫెంటాస్టిక్ ఫోర్ 2025 జులై 25న వచ్చి నవంబర్ 5న జియోహాట్‌స్టార్‌కి వచ్చింది. రెండూ మూడున్నర నెలల దగ్గర. ఆ లెక్కన డూమ్స్‌డే మార్చి ఆఖర్లోనో ఏప్రిల్ మొదట్లోనో రావాలి, అంటే సరిగ్గా అమ్మాయికి పరీక్షల టైము. అన్నాళ్ళు కథ తెలియకుండా ఉండటం ఆ వయసు పిల్లకి అయ్యే పని కాదు. మీ ఆవిడకి ఈ ఒక్క ముక్క చెప్పండి చాలు, ఒప్పుకుంటారు. ఈలోపు పాత సినిమాలన్నీ మళ్ళీ చూడాలని పిల్లలు అడుగుతారు, దానికోసం ఏడాది సబ్‌స్క్రిప్షన్ కట్టేముందు మీ మొబైల్ రీచార్జ్‌లో గానీ బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్‌లో గానీ అది ముందే ఉందేమో చూడండి, చాలా ఇళ్ళల్లో అలా రెండుసార్లు కడుతున్నారు. లేకపోతే నవంబర్లో తక్కువ కాలం ప్లాన్ తీసుకుని, తీసుకున్న రోజే యూపీఐ యాప్‌లో ఆటోపే సెక్షన్‌కి వెళ్ళి ఆ మాండేట్ (డబ్బు దానంతటదే కట్ అయ్యే అనుమతి) క్యాన్సిల్ చెయ్యండి, కట్టిన గడువు వరకు చూడొచ్చు.

క్రెడిట్ కార్డ్ మాత్రం వద్దండి, దీనికోసం అయితే అసలు వద్దు. 999 ఫీజు మీద జీఎస్టీ వేస్తే 1179 దగ్గరకొస్తుంది. ఆ ఫ్రీ టికెట్‌కి మామూలుగా ఒక పరిమితి ఉంటుంది, ఇంత వరకే తగ్గిస్తాం, నెలకి ఇన్నిసార్లే అని, పైగా రోజుకి ఇన్ని టికెట్లే అనే కోటా ఉంటే పెద్ద సినిమా బుకింగ్ ఓపెన్ అయిన కాసేపటికే అయిపోతుంది. ఏడాదికి రెండు మూడు సినిమాలు చూసే ఇంటికి ఫీజు కూడా తిరిగి రాదు. మీ పరిస్థితిలో అసలు ప్రమాదం ఇంకోటి, ఎమర్జెన్సీ ఫండ్ లేని ఇంట్లో కొత్త కార్డ్ ఉంటే, రేపు ఏదైనా ఆసుపత్రి ఖర్చొస్తే ఆ కార్డే ఎమర్జెన్సీ ఫండ్ అయిపోతుంది, మినిమమ్ డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన కొద్ది మొత్తం) మాత్రమే కడుతూ పోతే వడ్డీ ఏడాదికి 40 శాతం చుట్టూ ఉంటుంది. అది మీరు ఏ సినిమాకీ కట్టనంత రేటు.

ఎమర్జెన్సీ ఫండ్ మీద మీ ఆవిడ మాట నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. కాకపోతే ఒక సినిమా మానేస్తే అది తయారవ్వదు, మీ ఈఎంఐ, ఫీజులు, ఇంటి ఖర్చు కలిపి నెలకి 70 వేలు అనుకున్నా మూడు నెలలకి 2,10,000 కావాలి. దానికి జీతం పడిన మర్నాడే 5000 వేరే సేవింగ్స్ అకౌంట్‌కి ఆటోమేటిగ్గా వెళ్ళేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టాలి, బోనస్ వచ్చినప్పుడు అందులో సగం అక్కడికే. సినిమా డబ్బు దీన్ని ముట్టుకోకూడదు, ఎస్ఐపీ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేది) ఉంటే దాన్ని ఆపి సినిమాకి పెట్టకూడదు. నెలకి 750 చొప్పున నాలుగు నెలలు పక్కన పెడితే 3000 వచ్చేస్తుంది, ఇంత చిన్న టైముకి ఆర్‌డీ (బ్యాంకు రికరింగ్ డిపాజిట్) లాంటివి అక్కర్లేదు, అదే రెండో అకౌంట్లో సినిమా అని పేరు రాసి ఉంచుకోండి, అమ్మాయినే లెక్క రాయమనండి. మీరు పెడదామనుకున్న 6000 లో మిగిలిన 3000 మాత్రం ఈ నెలే ఎమర్జెన్సీ ఫండ్‌లో వేసి, ఆ స్క్రీన్‌షాట్ మీ ఆవిడకి చూపించి అప్పుడు శనివారం షో సంగతి ఎత్తండి.

దీని తర్వాతి భాగం సీక్రెట్ వార్స్ డిసెంబర్ 17, 2027 అని ప్రకటించారు, అది కూడా శుక్రవారమే, అది కూడా క్రిస్మస్ సెలవుల ముందే. అందుకని ఈసారి సినిమా అయిపోయాక ఆ 750 ఆపకండి, 250 కి తగ్గించి నడపండి, ఏడాది తిరిగేసరికి మళ్ళీ 3000 ఉంటుంది, మిగతా 500 ఎమర్జెన్సీ అకౌంట్‌కి మార్చండి. బుకింగ్ ఓపెన్ అయ్యాక మీ ఏరియాలో శనివారం పొద్దున్న రేట్లు ఎలా ఉన్నాయో నాకు రాయండి, 500 దాటితే ఆదివారం ఎర్లీ మార్నింగ్ షో చూద్దాం.