లాభం ఎక్కడ పుట్టింది? పన్ను ఎక్కడ కడుతున్నారు?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఓ విదేశీ కంపెనీ సాఫ్ట్‌వేర్ కేంద్రంలో పనిచేస్తోంది. ఆ కంపెనీ సిబ్బందిలో సగానికి పైగా ఇక్కడే ఉన్నారట. ఇక్కడ చూపే లాభం మాత్రం కొంచెమేనట. అదెలా? ఈ పద్ధతి మారదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఒకే గ్రూపులోని కంపెనీల మధ్య లావాదేవీలకు, అవి ఒకదానికొకటి పరాయివన్నట్టు ధర కట్టడమే ఇప్పటి పద్ధతి. ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ అంటారు. మన చట్టంలోకి పూర్తి రూపంలో 2001లో వచ్చింది. హైదరాబాద్ కేంద్రం ఏడాదికి 400 కోట్లు ఖర్చుపెట్టి, దానిపై 15% కలిపి మాతృసంస్థకు బిల్లు వేసిందనుకోండి. ఇక్కడి లాభం 60 కోట్లే. రాసిన కోడ్ మీద హక్కు మాత్రం పన్ను తక్కువున్న దేశంలోని అనుబంధ కంపెనీ పేరిట ఉంటుంది. రాయల్టీ అక్కడికే పోతుంది.

గ్రూపునంతా ఒకే కంపెనీగా చూసి, మొత్తం లాభాన్ని ఒక సూత్రంతో దేశాలకు పంచాలన్నది సంస్కరణవాదుల మాట. అమెరికా రాష్ట్రాలు, కెనడా ప్రావిన్సులు తమలో తాము ఇలాగే పంచుకుంటున్నాయి. పేచీ అంతా దేనికెంత తూకం అన్నచోటే. విదేశీ కంపెనీల లాభంలో భారత్ వాటా తేల్చడానికి 2019లో మన ప్రత్యక్ష పన్నుల బోర్డు కమిటీ ఒక సూత్రం సూచించింది: అమ్మకాలకు మూడోవంతు, ఆస్తులకు మూడోవంతు, సిబ్బందికి మూడోవంతు. సిబ్బంది వాటాలో సగం తలల లెక్క, సగం జీతాల లెక్క.

ఇదే తూకాన్ని 1,000 కోట్ల గ్రూపు లాభానికి వేసి చూద్దాం. భారత్‌లో అమ్మకాలు 10%, ఆస్తులు 8%, ఉద్యోగులు 60%, జీతాలు 24% అయితే మన వాటా 200 కోట్లు. తలల్ని వదిలేసి జీతాలే చూస్తే 140. అమ్మకాలే చూస్తే 100. మన జీతాలు తక్కువ కాబట్టి తలల లెక్క పోతే నష్టం మనకే. ఈ పట్టు మన దేశం వదలకూడదు. ఆస్తుల్లో పేటెంట్లను కలపకూడదు కూడా. వాటిని ఒక్క సంతకంతో మరో దేశానికి మార్చేయవచ్చు.

ప్రశ్న: ప్రపంచమంతా 15% కనీస పన్ను వచ్చాక ఇదంతా ఎందుకు?
– ఒక కామర్స్ విద్యార్థి, గుంటూరు

జవాబు: అది 75 కోట్ల యూరోల టర్నోవర్ దాటిన గ్రూపులకు పన్ను అడుగు మట్టం మాత్రమే. లాభాన్ని పంచదు. పంచేది సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ కుదిర్చిన పన్ను ఒప్పందంలోని మొదటి భాగం: 2,000 కోట్ల యూరోల టర్నోవర్, 10% పైన లాభం ఉన్న గ్రూపులకే, ఆ 10% దాటిన లాభంలో పావు వంతే, అదీ అమ్మకాల లెక్కనే. అమెరికా చేరకుండా అది అమల్లోకి రాలేదు.