రేస్ ట్రాక్ మీద నడిపిన బైక్ కొనొచ్చా? (సమాధానం)

600 సీసీ బండి, తక్కువ కిలోమీటర్లు, కానీ ట్రాక్ మీద నడిపానని ఓనరే చెప్పాడు, తీసుకోవాలా వద్దా అని అడిగారు. ఆ ఒక్క మాటకే వదులుకోకండి. ట్రాక్ మీద తిప్పేవాళ్లలో చాలామంది ఆయిల్ త్వరత్వరగా మారుస్తారు, ఇంజిన్ వేడెక్కాకే గట్టిగా లాగుతారు. భయపడాల్సింది కింద పడిన బండి గురించి.

ముందు హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పి, అది ఆగే చోట ఫ్రేమ్ మీదున్న స్టీరింగ్ స్టాప్ చూడండి. అక్కడ నొక్కుకుపోయినా, విరిగినా, కొత్తగా రంగు వేసినట్టున్నా గట్టి దెబ్బ తగిలిందనే అనుమానించాలి. ఫెయిరింగ్ (బండి చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవర్) ఎంత మెరుస్తున్నా నేనైతే ఆ బండి తీసుకోను. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులు వంగాయేమో కూడా చూడండి.

ఇంజిన్ ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టుకి సన్నని రంధ్రం కనిపిస్తే టెన్షన్ వద్దు, బోల్టు వదులవకుండా తీగ కట్టడానికి చేసిందే అది.

ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ సంగతి తప్పక అడగండి. కారితే ట్రాక్ జారుడుగా మారుతుందని చాలా చోట్ల గ్లైకాల్ (చలికి గడ్డకట్టకుండా కలిపే రసాయనం) ఉన్న కూలెంట్ ఒప్పుకోరు, అందుకని ఉత్త నీళ్లు పోస్తారు. వాటిని అలాగే వదిలేస్తే లోపల తుప్పు పడుతుంది, గడ్డకట్టే చలిలో ఇంజిన్ బ్లాకే పగలొచ్చు. కొనగానే కూలెంటూ, బ్రేక్ ఫ్లూయిడూ మార్పించండి.

ట్రాక్ కోసం తీసేసిన లైట్లు, అద్దాలు, అసలు ఫెయిరింగ్ ఇస్తాడా? విడిగా కొంటే బాగా ఖర్చవుతుంది, లేకపోతే ఆ మేరకు ధర తగ్గించమనండి.