సర్జన్ బయటి నుంచి వచ్చినాయనైతే హాస్పిటల్‌కి బాధ్యత ఉండదా?

"ఆపరేషన్ చేసిన సర్జన్ మా స్టాఫ్ కాదు, మాకేం సంబంధం" అని మీ నాన్నగారు చనిపోయిన హాస్పిటల్ వాళ్లు అన్నారని రాశారు. మాకూ అచ్చం ఇదే మాట చెప్పారండీ. నమ్మకండి. 2004లో సవితా గార్గ్ కేసులోనే సుప్రీంకోర్టు తేల్చింది: పేషెంట్ నమ్మి వెళ్లేది హాస్పిటల్‌ని, కాబట్టి డాక్టర్ జీతానికి ఉన్నా, పిలిస్తే వచ్చి వెళ్లినా హాస్పిటలే జవాబు చెప్పాలి. ఆ డాక్టర్‌ని పార్టీగా చేర్చలేదని కేసు కొట్టేయడానికీ లేదు.

మాది పలమనేరు. అమ్మకు గాల్ బ్లాడర్‌లో రాళ్లుంటే తిరుపతిలో ఒక ప్రైవేటు హాస్పిటల్లో ఆపరేషన్ చేయించాం. ఆ రాత్రి పొట్ట ఉబ్బింది, చేతులు చల్లబడ్డాయి. నాలుగుసార్లు పిలిస్తే నర్సు ఒక్కసారి వచ్చి "గ్యాస్ అన్నా, తగ్గిపోతుంది" అని వెళ్లింది. తెల్లారేసరికి అమ్మ లేదు. తర్వాత కేస్ షీట్ చూస్తే, రాత్రి 12 నుంచి 5 దాకా గంట గంటకీ బీపీ 120/80. ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ఒక్క అంకె మారలేదు. వినియోగదారుల కమిషన్‌లో మమ్మల్ని నిలబెట్టింది ఆ కాగితమే.

కాబట్టి ముందు రికార్డులు అడగండి, నోటితో కాదు, రాసిచ్చి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. మమ్మల్ని "ఎండీ గారు ఊళ్లో లేరు" అని తిప్పి తిప్పి, రిజిస్టర్ పోస్టులో లెటర్ వెళ్లాకే ఇచ్చారు. పోస్ట్‌మార్టం మాత్రం వద్దన్నాం, అమ్మ ఒంటిమీద మళ్లీ కత్తి పెట్టడం ఇష్టంలేక. మా లాయర్ ఇప్పటికీ దానికే తిడతాడు.

పోలీసు కేసు ఆలోచన ఉంటే, 2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన జేకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం నిర్లక్ష్యం చాలా తీవ్రంగా ఉండాలి, వేరే డాక్టర్ అభిప్రాయమూ తీసుకోవాలి. మనిషి పోయినంత మాత్రాన నిర్లక్ష్యం అయిపోదు, చేదుగా ఉన్నా అది నిజమే. నష్టపరిహారానికైతే జిల్లా వినియోగదారుల కమిషన్. రెండేళ్లలోపు వేయాలి, మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. కట్టిన బిల్లు 5 లక్షలు దాటకపోతే ఫీజు కూడా లేదు.

కమిషన్ తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది, హాస్పిటల్ వాళ్లు అప్పీలుకు వెళ్లారు. అప్పీలు వేయాలంటే తీర్పిచ్చిన సొమ్ములో సగం ముందే డిపాజిట్ చేయాలి, కట్టారు. ఈలోగా రాజీకి రమ్మని మీకూ ఫోన్లొస్తాయి. కేస్ షీట్ చేతికొచ్చేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.