ఆ మూడో ఏడాది ఖరీదు మీ పొలమంత

ప్రశ్న: మాది ఒంగోలు. విద్యుత్ శాఖలో ఉద్యోగం, వయసు 51. మా అబ్బాయి ఒక ప్రైవేటు యూనివర్సిటీలో బీటెక్ సీఎస్ఈ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఏడాదికి 3 లక్షలు కడుతున్నాం. మిగతా చదువు అమెరికాలో చదువుతానంటున్నాడు. 'రెండేళ్ల క్రెడిట్లు ట్రాన్స్‌ఫర్ అవుతాయి, ఇంకో రెండేళ్లు చదివితే అక్కడి డిగ్రీ వస్తుంది' అని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి 42 వేల డాలర్లట. సొంత ఇల్లు ఉంది. ఊళ్లో నాన్నగారు ఇచ్చిన ఎకరన్నర పొలం అమ్మితే 45 లక్షల దాకా వస్తుంది. పీఎఫ్‌లో 22 లక్షలు, అమ్మాయి పేరున 9 లక్షల డిపాజిట్ ఉన్నాయి. అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. పొలం అమ్మి అబ్బాయిని పంపమంటారా?

జవాబు: నమస్కారం అండీ. పొలం సంగతి కాసేపు పక్కన పెడదాం. మీ ఉత్తరంలో 'ఇంకో రెండేళ్లు' అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ మాట మీకు ఎవరైనా కాగితం మీద రాసిచ్చారా? లెక్కంతా దాని మీదే ఆధారపడి ఉంది.

డాలరు 90 రూపాయలు అనుకుందాం. మొదటి ఏడాది 37.8 లక్షలు. ఖర్చు ఏటా 3 శాతం పెరిగి, డాలరు ఏటా 3 రూపాయలు ఎక్కితే రెండో ఏడాది దాదాపు 40 లక్షలు, మూడో ఏడాది దాదాపు 43 లక్షలు. అంటే రెండేళ్లలో చదువైపోతే 78 లక్షలు, మూడేళ్లు పడితే కోటీ 21 లక్షలు. మీ పొలం అమ్మితే వచ్చే డబ్బు దాదాపుగా ఆ మూడో ఏడాదికే సరిపోతుంది. అందుకే ముందు తేలాల్సింది ఎన్ని సెమిస్టర్లు మిగులుతాయన్నది.

అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీకి మామూలుగా 120 క్రెడిట్లు (ఒక్కో సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లు) కావాలి. మన బీటెక్ 160 క్రెడిట్లు కాబట్టి రెండేళ్లకు మీ అబ్బాయికి 80 దాకా వస్తాయి. సగం పైనే అయిపోయినట్టు కనిపిస్తుంది. కానీ అక్కడ ఒప్పుకునే క్రెడిట్లు వేరు, డిగ్రీకి పనికొచ్చే క్రెడిట్లు వేరు. గణితం, ఫిజిక్స్, మొదటి ప్రోగ్రామింగ్ సబ్జెక్టు సాధారణంగా సరిపోతాయి. ఇంజినీరింగ్ డ్రాయింగ్, వర్క్‌షాప్, భారత రాజ్యాంగం లాంటివి ఒప్పుకున్నా చాలాచోట్ల ఉత్త ఎలక్టివ్‌లుగా (ఐచ్ఛిక సబ్జెక్టులుగా) రాసుకుంటారు. వాటివల్ల చదవాల్సిన సబ్జెక్టులు తగ్గవు. పైగా అక్కడ ఏ కోర్సు వాళ్లయినా ఇంగ్లిష్ రచన, సామాజిక శాస్త్రాలు, కళలు కొన్ని చదివి తీరాలి. మన బీటెక్‌లో అవి పెద్దగా ఉండవు. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో అయితే అమెరికా చరిత్ర 6 క్రెడిట్లు, అక్కడి ప్రభుత్వ వ్యవస్థ గురించి మరో 6 క్రెడిట్లు చట్టప్రకారం చదవాలి. సెమిస్టర్‌కు 15 క్రెడిట్లు చదువుతారనుకుంటే ఆ పన్నెండే దాదాపు ఒక సెమిస్టర్.

ఇంకో చిక్కు, నా అనుభవంలో ఎక్కువ డబ్బు తినేది ఇదే. సీఎస్‌లో ఒక సబ్జెక్టు పూర్తయితేనే తర్వాతిది తీసుకోనిస్తారు. డేటా స్ట్రక్చర్స్ ఒప్పుకోకపోతే అల్గారిథమ్స్ తీసుకోలేడు, దాని వెనక ఉన్నవన్నీ ఆగిపోతాయి. క్రెడిట్లు ఎన్ని ఉన్నా ఆ వరుస దాటడానికి సెమిస్టర్లు పడతాయి. నాలుగేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం రెండేళ్ల లెక్కతోనే ఇంటి స్థలం అమ్మేసింది. అబ్బాయి అక్కడికి వెళ్లాక అడ్వైజర్‌తో కూర్చుంటే ఆరు సెమిస్టర్లు తేలాయి. మధ్యలో ఆపలేరు, వెనక్కి రాలేరు. ఆ తల్లి నా ముందు కూర్చుని ఏడ్చిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇంత వివరంగా రాస్తున్నది అందుకే.

కాబట్టి అబ్బాయిని అప్లై చేయనివ్వండి, అందులో తప్పేమీ లేదు. నాలుగైదు యూనివర్సిటీలు చాలు. ఇప్పటిదాకా చదివిన ప్రతి సబ్జెక్టు సిలబస్, మార్కుల ట్రాన్‌స్క్రిప్టులు మీ యూనివర్సిటీ నుంచి ముద్రతో తీసుకోమనండి. కొన్నిచోట్ల డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థతో సబ్జెక్టులవారీ మదింపు కూడా చేయించాలి. బ్యాక్‌లాగ్‌లు ఉంటే ఇప్పుడే పూర్తి చేయాలి, తప్పిన సబ్జెక్టును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆఫర్ వచ్చాక, డిపాజిట్ కట్టకముందే, ఆ డిపార్ట్‌మెంట్‌కు అబ్బాయే మెయిల్ రాయాలి: నా సబ్జెక్టుల్లో ఏవి సీఎస్ డిగ్రీకి లెక్కలోకి వస్తాయి, ఇంకా ఏవి మిగులుతాయి, ఎన్ని సెమిస్టర్లలో పూర్తవుతుంది? జవాబు రాతలో రావాలి, కన్సల్టెన్సీ మాట చాలదు. ఈ దశ మొత్తానికి లక్ష రూపాయలు పక్కన పెట్టండి. పోయినా ఇబ్బంది లేని లక్ష అది.

స్కాలర్‌షిప్ గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. మొదటి ఏడాది చేరేవాళ్లకు ఇచ్చే పెద్ద స్కాలర్‌షిప్‌లు ట్రాన్స్‌ఫర్ వాళ్లకు మామూలుగా వర్తించవు. వీళ్లకు విడిగా ఉంటాయి. వాటి గడువు చాలాచోట్ల అడ్మిషన్ గడువుకన్నా ముందే ముగుస్తుంది. టెక్సస్‌లో ఒక మంచి వెసులుబాటు ఉంది: పోటీలో కనీసం వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ గెలుచుకున్న బయటి విద్యార్థికి ఆ రాష్ట్రం వాళ్ల ఫీజే వేసే అవకాశం యూనివర్సిటీలకు ఉంది. అందరికీ రాదు, కానీ వస్తే మీ లెక్కే మారిపోతుంది. తప్పకుండా అడిగించండి. కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీల మీద మాత్రం ఎక్కువ ఆశ వద్దు. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లు ట్రాన్స్‌ఫర్ సీట్లలో అక్కడి కమ్యూనిటీ కాలేజీల వాళ్లకే మొదటి ప్రాధాన్యం ఇస్తాయి.

ఇక డబ్బు. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రానికి సాధారణంగా ఒక ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు చూపిస్తే చాలు. అది చూపించగలిగాం కదా అని ధైర్యం తెచ్చుకోకండి. లోను విషయంలో బ్యాంకులు పొలాన్ని సాధారణంగా హామీగా తీసుకోవు, మీ ఇంటిని అడుగుతాయి. 60 లక్షల లోను, 10.5 శాతం వడ్డీ, 15 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ 66 వేలు. చదువుకునే కాలంలో పేరుకునే వడ్డీ ఇందులో కలపలేదు. చదువయ్యాక ఓపీటీ అనే అనుమతి కింద అక్కడే 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సు కాబట్టి మరో 24 నెలలు పని చేయొచ్చు. అయినా ఈఎంఐని డాలర్ జీతంతో పోల్చకండి. అబ్బాయి హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగంలో చేరితే వచ్చే జీతం, మీ జీతంలో మిగులు కలిపి కట్టగలరా అని చూడండి. అప్పటికి మీరు రిటైర్మెంట్‌కు దగ్గర పడతారు. సొంత డబ్బు పంపితే ఏడాదికి 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది, దాన్ని రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు. బ్యాంకు విద్యా రుణం నుంచి పంపితే టీసీఎస్ లేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నాలుగు సెమిస్టర్లని యూనివర్సిటీ రాసిస్తే, సగం లోను, సగం పొలం డబ్బుతో పంపొచ్చు. పూర్తి గ్రామీణ ప్రాంతంలో ఉన్న వ్యవసాయ భూమి అయితే అమ్మకం మీద పన్ను ఉండదు. పట్టణానికి దగ్గరైతే అమ్మే ముందే ఆడిటర్‌ను కలవండి. అయిదు సెమిస్టర్లైతే స్కాలర్‌షిప్ ఉంటేనే. ఆరైతే వద్దు. ఇక్కడే బీటెక్ పూర్తి చేసి తర్వాత ఎంఎస్‌కు వెళ్తే, మిగిలిన 6 లక్షల ఫీజు, అప్పటి రేట్లకు రెండేళ్ల అమెరికా ఖర్చు కలిపినా 95 లక్షల లోపే ఉంటుంది. చేతికి రెండు డిగ్రీలు వస్తాయి. అబ్బాయికి నచ్చకపోవచ్చు, ఆ వయసులో రెండేళ్లు ఆగమంటే కష్టమే. ఈ లెక్క వాడి ముందే వేయండి, వాడి చేతే వేయించండి.

వీసా చేతికొచ్చేదాకా ఇక్కడ టీసీ తీసుకోకండి. మూడో సంవత్సరం ఫీజు జూన్, జూలైలో కట్టాల్సి వస్తే ఒక సెమిస్టర్‌కే కట్టే వీలుందా అడగండి. ఆగిపోతే తిరిగి చేర్చుకునే నిబంధన ఏమిటో కూడా మీ యూనివర్సిటీ నుంచి రాతలో తీసుకోండి.

పీఎఫ్ ముట్టుకోవద్దు. అమ్మాయి రేపు ఏడాదికే కాలేజీ ఫీజులకు వస్తుంది. ఆ 9 లక్షల డిపాజిట్ రసీదును ఐ-20 కోసం చూపించే కాగితాల్లో కూడా పెట్టకండి.