ఆ ముసలావిడ ఏం లెక్కపెట్టింది?

అమ్మాయీ,

రష్యాలోని పీటర్స్‌బర్గ్‌లో 'స్వాన్ లేక్', అదే హంసల సరస్సు కథ, బాలే నాట్యంగా చూసొచ్చి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ రోజంతా అదే మనసులో మెదిలింది. అందుకే ఈ ఉత్తరం.

ముందు కోపం సంగతి. ఏడు పేజీల వ్యాసానికి పద్నాలుగు ఫోటోలు జతచేశావు. మారీన్‌స్కీ థియేటర్ ముందు నువ్వు, నీలం బంగారు రంగుల బాల్కనీల కింద నువ్వు, టికెట్టు పట్టుకున్న నీ చెయ్యి. ప్రదర్శన మొదలయ్యాక తీసినవి మరో తొమ్మిది. వాటిలో హంసలు లేవు, తెల్లటి మరకలున్నాయి. స్టేజీ చాలావరకు చీకటి, నడుమ తెల్లబట్టల మీద వెలుగు. ఫోన్ ఆ చీకటిని చూసి వెలుతురు పెంచుతుంది, తెలుపు మాడిపోతుంది, కదిలే కాళ్ళు అలుక్కుపోతాయి. పత్రికల్లో చూసే మంచి బాలే ఫోటోలు చాలావరకు డ్రెస్ రిహార్సల్‌లో తీసినవి.

పైగా అక్కడ ప్రదర్శన జరుగుతుండగా ఫోటో తీయకూడదు. 'హాల్లో పనిచేసే ఆవిడ వచ్చి ఫోన్ దించమంది, మూడ్ పాడైంది' అని రాశావు. నీ వెనక వరుసలో కూర్చున్నవాళ్ళ మూడ్ గురించి ఒక్క మాట లేదు. చీకట్లో ఆ వెలిగే తెర ఎంతమంది కళ్ళల్లో పడుతుందో ఆలోచించావా? చివర్లో నర్తకులు ముందుకొచ్చి నమస్కరించేటప్పుడు తీసుకుంటే సరిపోయేది.

ఇక ఆ వాక్యం. 'నల్ల దుస్తుల అమ్మాయి ఒంటికాలి మీద గిరగిరా తిరుగుతుంటే ముందు వరుసలో ఒక ముసలావిడ మోకాలి మీద వేళ్ళు ఒక్కొక్కటే కదుపుతోంది.' రాసి వదిలేశావు. వెంటనే ఇంటర్వెల్‌లో కాఫీ ధర.

ఆవిడ లెక్కపెడుతోందమ్మా! 'స్వాన్ లేక్' 1877లో మాస్కోలో మొదటిసారి ఆడిందని, దానికి సంగీతం కూర్చిన చైకోవ్‌స్కీ 1893లో పోయాడని తేదీలన్నీ రాసి అక్కడితో ఆగావు. ఇంకో రెండేళ్ళు ముందుకు నడవాల్సింది. 1895లో పెటిపా, ఇవానోవ్ అనే నృత్య దర్శకులు కలిసి దాన్ని పీటర్స్‌బర్గ్‌లో, ఇదే మారీన్‌స్కీలో, కొత్తగా కూర్చారు. అందులో పియెరినా లెన్యానీ అనే ఇటలీ నర్తకి రాజభవనం అంకంలో వరసగా 32 చుట్లు తిరిగింది. ఫ్వెతే అంటారు వాటిని. అప్పటినుంచి ఆ నల్లహంస పాత్ర వేసే ప్రతి అమ్మాయికీ ఆ ముప్పై రెండూ పరీక్షే. చూడ్డానికి వచ్చేవాళ్ళలో లెక్కపెట్టేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. నీ వ్యాసమంతా ఆ మోకాలి మీద ఉంది. నువ్వేమో ఫోన్‌లో చూస్తున్నావు.

నా నమ్మకం ఒక్కటే, నలభై ఏళ్ళుగా అందరితో పోట్లాడుతున్నది. ప్రయాణం గురించి రాసేవాడికి కన్ను కంటే చెవి ముఖ్యం. కన్ను చూసినదాన్ని కెమెరా కూడా చూస్తుంది. చెవి విన్నది నీ ఒక్కదానిదే.

నేను 1986లో వెళ్ళాను. అప్పుడది లెనిన్‌గ్రాడ్, ఆ థియేటర్ పేరు కీరోవ్. అప్పు తెచ్చుకున్న కెమెరా కోటు జేబులోనే ఉండిపోయింది, కోటేమో కింద అప్పగించేశాను. అన్నిటికంటే పై గ్యాలరీలో సీటు. సరస్సు ఒడ్డు అంకంలో సంగీతం తగ్గిన చోట హంసలన్నీ పరుగెత్తుకొచ్చాయి. చేటలో మినుములు చెరుగుతున్న చప్పుడు వినపడింది. మా అమ్మ గుర్తొచ్చి కళ్ళు తడిశాయి. అంత దూరం వెళ్ళి నేను తెచ్చుకున్నది ఆ చప్పుడే.

తిరిగొచ్చి ఆరు పేజీలు రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు 'ఫోటోలు పంపితే వేస్తాం' అని వెనక్కి పంపాడు. లేవని రాశాను. ఏడాది తర్వాత ఎక్కడిదో ఒక పోస్ట్‌కార్డు బొమ్మ పెట్టి రెండు పేజీలు వేశాడు. బొమ్మకి చోటు కావాలని కొట్టేసిన వాటిలో ఆ మినుముల వాక్యం ఉంది. ఇన్నేళ్ళయినా ఆ బాధ పోలేదు. ఇప్పటి పత్రికలు మరీ అన్యాయం, ముందు ఫోటోలు చూసి తర్వాత మాటలు చదువుతున్నాయి. నువ్వు వాళ్ళ కోసం రాశావని తెలుస్తూనే ఉంది.

మరో తప్పు. బాలే నర్తకులు వేసుకునేవి 'చెక్క బూట్లు' అని రాశావు. ఆ బూటు ముందు భాగంలో చెక్క ఉండదు. గుడ్డ, కాగితం పొరలు పొరలుగా జిగురుతో అంటించి గట్టిపరుస్తారు. కొత్తవి చప్పుడు చేస్తాయని నర్తకులు వాటిని గోడకేసి, మెట్లకేసి కొట్టి మెత్తబరుచుకుంటారు. మనవాళ్ళు అడుగు వినపడాలని గజ్జె కడతారు, వాళ్ళు వినపడకూడదని ఇంత తంటాలు పడతారు. ఆరేళ్ళు కూచిపూడి నేర్చుకున్నానని ఉత్తరంలో రాశావు. ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి తరంగం చేసిన పిల్లవి. ఆ పాదాలు ఆ హాల్లో కూర్చుని ఏమనుకున్నాయో వ్యాసంలో ఒక్క ముక్క లేదే?

ఏ కెమెరా కొనాలని అడిగావు. ఇప్పుడేదీ కొనకు.

ఫోటోలన్నీ తీసేసి ఇంకోసారి రాసి పంపు. ఆ ముసలావిడ దగ్గర మొదలుపెట్టు. ముప్పై రెండూ అయ్యాక ఆవిడ వేళ్ళు ఏం చేశాయో గుర్తుంటే రాయి. గుర్తు లేకపోతే, ఆ క్షణంలో నువ్వు ఫోన్ చూస్తున్నావని రాయి.

ఆశీస్సులతో.